నేల మీద పోసిన పేరు

చెరకు ఆడే మొదటి రోజున, దున్నను గానుగకు కట్టకముందే, కిందటేటి చెరకు కల్లు జాడీ ఒకటి తెరవాలి. తెరిచాక మొదటి చిప్పెడు బాసి ఎంత పెద్దమనిషైనా సరే నోట పెట్టకూడదు. అది ఆ ఇంట్లో పోయినవాళ్ళది. ఇంటి పెద్ద చిప్ప పట్టుకుని ఒక్కొక్క పేరే పిలుస్తూ నేల మీద ఒలకబోయాలి. పేరు వినపడ్డవాళ్ళు వచ్చి తాగిపోతారు. పేరు మరిచిపోతే అలుగుతారు. అలిగినవాళ్ళు గానుగ దగ్గర ఎవరిదో ఒకరి చెయ్యి అడుగుతారు. మా ఊళ్ళో వేళ్ళు లేని మగవాళ్ళు ఉన్నారు, ఏ ఏడు ఎవరి పేరు మరిచిపోయారో అడిగితే చెప్తారు.

అపో ఒనోరా ఎవరినీ మరిచిపోయే మనిషి కాదు. ఊరంతా ఆవిడను అపో అని గౌరవంగా పిలిచేది వయసు చూసి కాదు, ఆవిడ జాడీలు చూసి. చెరకు రసం కాచి, పులియబెట్టి, మట్టి జాడీలో మూతవేసి ఏడాది వదిలేస్తే ఎవరింట్లోనైనా బాసి అవుతుంది. ఆవిడ ఇంట్లో అయిన బాసి పెళ్ళివారు ముందుగా చెప్పి ఉంచుకుంటారు, చావు ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చి తీసుకుపోతారు.

ఆ ఉదయం ఆవిడ పెరట్లో గొంతుక్కూర్చుని చిప్ప ఎత్తింది. చెరకు మోపుల మీద మంచు ఇంకా ఆరలేదు. గానుగ తోలే గౌదో దున్న ముక్కుతాడు పట్టుకుని నిలబడ్డాడు. పక్కింటి సెఫెరినా కంచె దాటి వచ్చి, మొదటి చిప్ప అయ్యాక రెండోది తనదేనన్నట్టు చేతులు కట్టుకుని కాచుకుంది. కోడలు ఎన్సియా ఉడికించిన గుడ్లు, జిగురు బియ్యపు అన్నం ఉన్న పళ్ళెం పట్టుకుని అత్త వెనకాల నిలబడింది.

ముసలావిడ తన మామగారి పేరు పిలిచి కొంచెం ఒలకబోసింది. తర్వాత అత్తగారి పేరు. మొగుడి పేరు. మశూచికి పోయిన ఇద్దరు ఆడపిల్లల పేర్లు. ఆ తర్వాత "మెల్చోర్" అంది, అక్కడ గొంతు కాస్త మెత్తబడింది. ఒక్కగానొక్క కొడుకు. వాడి పేరు వినగానే ఎన్సియా ఎప్పటిలాగే తల వంచుకుంది. చిప్ప అడుగున ఇంకా కొంచెం మిగిలింది.

"ఎన్సియా," అంది అపో ఒనోరా. మిగిలింది ఒలకబోసింది. నేల పీల్చుకుంది.

ఎన్సియా చేతిలో పళ్ళెం ఒరిగి గుడ్డు ఒకటి దొర్లి కింద పడింది, దాన్ని తియ్యడానికి కూడా ఎవరూ వంగలేదు. ముసలావిడ తల తిప్పి కోడలి వంక చూసింది. నోరు జారినవాళ్ళు కంగారుగా చూస్తారు. ఆవిడ తలుపు గడియ వేసి, పడిందో లేదో చూసుకున్నట్టు చూసింది.

గౌదో గొంతు సవరించుకున్నాడు. "అపో, ఆఖర్న నోరు జారినట్టుంది."

"నా నోరు ఎప్పుడైనా జారిందా గౌదో?"

"లేదపో."

"అయితే దున్నను కట్టు."

సెఫెరినా రెండో చిప్ప ముట్టకుండానే కంచె అవతలికి వెళ్ళిపోయింది. సెఫెరినా బాసి వద్దనడం ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూసి ఎరగరు.

ఎన్సియాకు అంతా అర్థమైంది. కొత్త సంవత్సరం రోజున తను అత్త కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది, విగన్ పట్నం నుంచి జాడీలు బండి మీద తెచ్చే ఉర్బానోను పెళ్ళి చేసుకుంటానని, చెరకు పని అయిపోగానే వెళ్ళిపోతానని. "అలాగే, చెరకు రానీ, చూద్దాం," అంది అత్త. చూద్దాం అంటే ఇదన్నమాట. పేరు నేల మీద పోసేస్తే ఆ మనిషి ఇక ఈ ఇంటి పోయినవాళ్ళలో మనిషి. పోయినవాళ్ళు గడప దాటి వేరే ఇంటికి కాపురానికి వెళ్ళరు.

*

ఆ రోజంతా రసం కారుతూనే ఉంది. ఎన్సియా తన పని తాను చేసింది. పెద్ద కడాయి కింద ఎండు పిప్పి ఎగదోసింది, పైకి తేలిన మడ్డి నురగ తీసి పారబోసింది, రసంలో వెయ్యడానికి నేరేడు బెరడు దంచింది. ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతులు వాటికి తెలిసిన పని అవే చేసుకుపోతాయి. ఎండ నడినెత్తికి వచ్చాక మంచినీళ్ళు తీసుకెళ్ళి గౌదోకు అందించింది. అతను చెయ్యి చాచలేదు, కింద పెట్టమన్నట్టు గడ్డం ఊపాడు. పెట్టింది. ఆమె పక్కకు తప్పుకోగానే ఆ నీళ్ళు నేల మీద పోసేసి, నీళ్ళ తొట్టి దగ్గరకు వెళ్ళి వేరే ముంచుకున్నాడు.

"ఏం గౌదో, నా చేతి నీళ్ళు విషమా?"

గౌదో దున్నతో మాట్లాడుతున్నట్టు దాని మెడ వైపు చూస్తూ చెప్పాడు. "మనసులో పెట్టుకోకు మనాంగ్. నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

ఎప్పటిలాగే అక్కను పిలిచినట్టు మనాంగ్ అన్నాడు. మొహం మాత్రం చూడలేదు.

సాయంత్రం కంచె దగ్గరకు వెళితే సెఫెరినా అవతల బట్టలు తీస్తూ అటు తిరిగే మాట్లాడింది.

"నువ్వైనా ఇటు చూసి మాట్లాడవే," అంది ఎన్సియా.

"చూడకపోతేనే నీకూ నాకూ మంచిది తల్లీ. చూస్తే నా లోపలి మనిషి నీ వెంట పడుతుంది."

"నేను బతికే ఉన్నాను. కావాలంటే గిల్లి చూసుకో."

"బతికున్నావని నాకు తెలుసు, నీకు తెలుసు. వాళ్ళకు తెలియాలిగా? పేరు విన్నారు. జరిగి జరిగి నీకు చోటు చేసి కూర్చుని ఉంటారు ఈపాటికి." సెఫెరినా ఒక రవికె దులిపి భుజాన వేసుకుంది. "మీ అత్త బాసి తప్ప ఏదీ ఊరికే ఒలకబొయ్యదనుకున్నా. దాన్ని కూడా ఊరికే పొయ్యలేదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"పిలిచిన నోరే వెనక్కి పిలవాలి. ఏటి దగ్గర ఆడుకుంటున్న పిల్లలను తీసుకొచ్చేటప్పుడు పిలవమూ, రా, ఇక్కడ ఉండిపోకు అని? అదే. ముసలావిడ ఎక్కడ నిలబడి పిలిస్తే నీ లోపలి మనిషి అక్కడికి వస్తుంది. ఇంకెవరు పిలిచినా కదలదు."

"చర్చి ఫాదర్ గారిని అడిగితే?"

"ఆయన నవ్వుతాడు. నవ్వి, నీ చేతి నీళ్ళు మాత్రం ఆయనా తాగడు."

ఎన్సియా వెనక్కి వచ్చేసరికి అపో ఒనోరా కాచిన రసం చల్లారబోసిన తొట్టి దగ్గర ఉంది. చిటికెనవేలు ముంచి, తీసి, చప్పరించి, మళ్ళీ ముంచింది. వేడి మీదే, రసాన్ని పులియబెట్టే పులిపిడి ముద్ద వేస్తే అది చచ్చిపోతుంది. ముసలావిడ వేళ్ళు కడాయిల దగ్గర కాలి కాలి మొద్దుబారిపోయాయి. ఆ సంగతి అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు, కొన్నేళ్ళుగా వేలు ముంచి చెప్పేది కోడలే. ఆ రోజు మాత్రం ఆవిడ కోడలిని పిలవలేదు.

"అత్తయ్యా, నన్ను వెనక్కి పిలవండి."

"ఎక్కడికి పోయావని పిలవాలి? ఎదురుగానే ఉన్నావు."

"కావాలనే అన్నారు మీరు."

దబాయిస్తుందనుకుంది ఎన్సియా. ముసలావిడ దబాయించలేదు. తడి వేలు పావడాకు తుడుచుకుని, తొట్టి అంచు మీద కూర్చుంది.

"వాడు వస్తున్నాడు. మెల్చోర్. తెల్లవారుజామున మెట్ల మీద కూర్చుని ఉంటాడు. అమ్మా, నువ్వు కూడా వచ్చేస్తే మనకు పోసేదెవరే అంటాడు. నేనేం చెప్పను? నువ్వు ఆ కుండలవాడి బండి ఎక్కితే ఈ ఇంట్లో జాడీ తెరిచే చెయ్యి లేదు, పేరు పిలిచే నోరు లేదు. మేమంతా గొంతులెండిపోయి రోడ్డు పక్కన కూర్చోవాలి, ఎవరింట్లోనో పెళ్ళయితే ఒలికింది నాకడానికి."

"అందుకని నన్ను చంపేశారు."

"చంపలేదు. కట్టేశాను," అంది అపో ఒనోరా. చెప్పి, పులిపిడి ముద్దలు నలిపి తొట్టిలో వేసింది. ఇంకా వెచ్చగానే ఉందని ఎన్సియాకు ఆ ఆవిరి చూస్తేనే తెలిసింది. చెప్పలేదు.

*

తెల్లారింది. కడాయి కింద మంట లేదు. ఎన్సియా మెట్ల పక్కన వెదురు బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"లే. రసం పులిసిపోతుంది," అంది అత్త.

"పోయినవాళ్ళు పని చేస్తారా అత్తయ్యా? మామగారు చేస్తున్నారా?"

గౌదో మొహం అటు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికో, భయానికో తెలియదు. ముసలావిడ పిప్పి మోపు తనే లాక్కుంటూ పోయింది. వంగినప్పుడల్లా నడుము పట్టుకుంది. ఎన్సియాకు జాలి వేసింది. లేవలేదు.

కాసేపటికి దున్న నిలిచిపోయింది. గడ్డి వేస్తే వాసన చూసి వదిలేసింది. కొడితే కదలకుండా వెదురు బల్ల వైపే చూస్తూ నిలబడింది. గౌదో చెమట తుడుచుకున్నాడు.

"అపో, కొత్తగా చేరినావిడ అడుగుతోంది. ఏదన్నా పెట్టండి. పెట్టకపోతే నేను ఇంటికి పోతా."

పేరు పిలిచినవాళ్ళే పెట్టాలి మరి. అపో ఒనోరా లోపలికి వెళ్ళి, పళ్ళెంలో వేడి అన్నం, గుడ్డు, తమలపాకులో చుట్టిన వక్క, పక్కన చిప్పెడు బాసి తెచ్చి, బల్ల మీద కోడలి పక్కన పెట్టింది. తినమనలేదు. పోయినవాళ్ళను తినమని అడగరు, పెట్టి పక్కకు తప్పుకుంటారు. ఆవిడ తప్పుకుంది.

కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఎన్సియా ఆ ఇంట్లో అందరి తర్వాతే తిన్నది, అదీ గిన్నెకు అంటుకున్న మాడు. జాడీలన్నీ తన చేతుల మీద తయారైనా, మొదటి వాయి రుచి ఎలా ఉంటుందో ఎప్పుడూ ఎరగదు. ముద్ద నోట్లో పెట్టుకుంది. అన్నంలో ఉప్పు లేదు. పోయినవాళ్ళకు ఉప్పు గిట్టదు. అయినా వేడివేడిగా, మెతుకు మెతుకు విడివడి, ఎంత బాగుందంటే ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. బాసి తాగింది. దున్న కదిలింది.

అప్పటి నుంచి పూటపూటా పళ్ళెం వచ్చింది.

నిజం చెప్పాలంటే, ఆమెకు అది నచ్చింది. అలా కూర్చుంటే ఒళ్ళు తేలికయింది. కోళ్ళు బెదరకుండా ఆమె పాదాల మీద నుంచి నడిచి పోయేవి. వీధిలో వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. ఇంటి కింద స్తంభాల మధ్య వరసగా ఉన్న జాడీల్లో కొత్త రసం పొంగి గుసగుసమంటూ ఉంటే, చెవి పెట్టకుండానే ఏ జాడీ ఎంతవరకు వచ్చిందో ఆమెకు తెలిసిపోయేది. ఒక్క జాడీ మాత్రం పలకలేదు. అత్త వెచ్చటి తొట్టిలో ముద్దలు వేసిన వాయి అది. దాని పక్కనే గానుగ మొదలుపెట్టిన రోజున తెరిచి, అడుగంటా తోడేసిన ఖాళీ జాడీ ఉంది. ఒక మధ్యాహ్నం ఆ ఖాళీ జాడీ లోంచి గుసగుస వినపడింది. ఎన్సియా వెళ్ళి వంగి చూసింది. అడుగు ఎండిపోయి ఉంది. మూతి మీద అరచెయ్యి పెట్టింది, ఎవరో కింద నుంచి ఊపిరి వదిలినట్టు చెయ్యి తడిసింది. వెనక్కి వచ్చి కూర్చుని, చెయ్యి చాలాసేపు ఒళ్ళో అలాగే పెట్టుకుంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే సెఫెరినా వచ్చింది. ఈసారి కంచె దాటి దగ్గరకే వచ్చింది. తల వంచుకుని, ఆకులో చుట్టిన బియ్యపు మిఠాయి బల్ల చివర పెట్టింది.

"మనాంగ్ ఎన్సియా."

సెఫెరినా ఆమెకంటే పెద్దది. ఎప్పుడూ మనాంగ్ అనలేదు.

"మా అక్క కనపడితే ఒక మాట చెప్పాలి. దాని నీలం పావడా, శవపెట్టెతో పాతిపెట్టాల్సింది, నేను తీసేసుకున్నా. బాగుంది కదా అని. ఇప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయి. తిట్టొద్దని చెప్పు. మాసినా సరే తిరిగి ఇచ్చేస్తానని చెప్పు."

"అలాగే, చెప్తాలే," అంది ఎన్సియా.

సెఫెరినా దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయింది. మరునాడు చేపలమ్మే ఆవిడ పోయిన మొగుడికి కబురు చెప్పమంది. దర్జీ ముసలాయన తల్లికి క్షమాపణ పంపించాడు. అందరికీ ఎన్సియా అలాగే అంది. కాదంటే వాళ్ళ మొహాలు చూడలేకపోయేది.

ఎవరూ లేనప్పుడు ఆ మాటే తన చెవిలో తనకే వినిపించింది. అలాగే, చెప్తాలే. రేపో మాపో వెళ్ళేదానిలా. వెళ్ళాక ఎవరెవరికి ఏం చెప్పాలో మనసులో వరస పెట్టుకుంటోంది కూడా. మెల్చోర్ ముందు కూర్చుని ఉంటాడు, నీలం పావడా అక్క ఆ వెనక. పళ్ళెంలో సగం అన్నం ఉంది. నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పు లేని లోటు తెలియడం లేదు.

*

చెరకు చివరి మోపు ఆడుతున్న రోజున ఉర్బానో బండి వచ్చింది. గడ్డిలో చుట్టిన కొత్త జాడీలు బండి నిండా ఉన్నాయి. ఉర్బానో పొట్టిగా, నిదానంగా ఉండే మనిషి, గోళ్ళ సందుల్లో మట్టి ఎప్పటికీ పోదు. వాకిలి దగ్గర గౌదో అతన్ని ఆపి చెవిలో ఊదాడు. ఉర్బానో అంతా విని, టోపీ తీసి, పెరట్లోకి వచ్చి, ఎన్సియా మొహంలోకి సూటిగా చూశాడు. ఇన్ని రోజుల్లో ఆమె మొహం చూసిన మొదటి మనిషి అతనే.

"చిక్కిపోయావు," అన్నాడు.

"మూడు పూటలా నాకే ముందు పెడుతున్నారు."

"లే మరి. పోదాం. జాడీలు దింపేసి పోదాం."

"నా కోసం వచ్చావా, చచ్చినదాన్ని బండెక్కించుకుంటావా?"

"మేం మట్టి తొక్కేవాళ్ళం. కాలి కింద ఎవరున్నారో అడిగితే ఒక్క జాడీ కూడా చెయ్యలేం." చెయ్యి చాచాడు.

ఎన్సియా ఆ చెయ్యి పట్టుకుంది. వేడిగా, గరుకుగా ఉంది. లేచి నడిచింది. వాకిలి దగ్గరకు వచ్చేసరికి మోకాళ్ళు మడతపడ్డాయి. మళ్ళీ లేచింది. కాలు ఎత్తింది, ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లోనే ఆగింది. ఉర్బానో లాగాడు. ఆమె మొహం తెల్లగా పాలిపోవడం చూసి వదిలేశాడు. నమ్మకమంటే చెప్పుల్లా విప్పి గడప దగ్గర వదిలేసేది కాదు. ఆమె పుట్టిన దగ్గర నుంచీ ఆ పేర్లు విని, ఆ బాసి పీల్చుకునే నేల మీదే పెరిగింది.

"నువ్వు పిలిస్తే చాలదు ఉర్బానో," అంది. వెళ్ళి మళ్ళీ బల్ల మీద కూర్చుంది.

అపో ఒనోరా మెట్ల మీద నిలబడి ఇదంతా చూసింది. గెలిచినదానిలా లేదు. ఈ కొద్ది రోజులకే నల్లబడి, వంగిపోయింది. చేతుల నిండా కాలిన బొబ్బలు. గొంతు కూడా బొంగురుపోయింది.

"ఎన్సియా, ఆ జాడీ పలకడం లేదు. ఒక్కసారి వచ్చి చెవి పెట్టు."

"పిలవండి, వస్తాను."

ముసలావిడ మెట్టు మీద నుంచే చెయ్యి చాపి పిలిచింది. "ఎన్సియా, రా. అక్కడ ఉండిపోకు."

ఆ మాట ఒంట్లోకి వేడినీళ్ళలా దిగింది. ఎన్సియా కాళ్ళు వాటంతటవే మెట్ల వైపు కదలబోయాయి. ఎక్కడ నిలబడి పిలిస్తే అక్కడికి. ఇప్పుడు ఊఁ అంటే బతికిపోతుంది, ఈ మెట్ల లోపలే బతుకుతుంది. రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. పలకలేదు.

"పలకవేం?" అంది అత్త.

"అత్తయ్యా, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. రేపు మీరూ పోతారు. చెరకు ఆడే రోజు వస్తుంది. జాడీ ఎవరు తెరుస్తారు?"

"నువ్వు."

"నేను పోయినదాన్ని కదా. మీరే నన్ను మెల్చోర్ పక్కన కూర్చోబెట్టారు. నేనూ వాళ్ళతో పాటు చిప్ప చాపుకుని కూర్చోవాలి. బతికున్నవాళ్ళు పోస్తేనే పోయినవాళ్ళకు అందుతుంది. మనందరికీ పోసేదెవరు? గౌదోనా?"

"మధ్యలో నన్ను లాగొద్దు మనాంగ్," అన్నాడు గౌదో.

"ఈ ఇంట్లో పేర్లన్నీ తెలిసి బతికున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్ళి మీరు నేల మీద పోసేశారు."

గానుగ ఆగింది. చివరి చెరకు కర్ర దాని పళ్ళ మధ్య సగం నలిగి నిలిచిపోయింది. అపో ఒనోరా మెట్టు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ కొడుకు దాహం గురించే ఆలోచించింది. ఈ సంగతి ఆవిడకు తట్టనే లేదు. పెదవులు కదిలాయి, ఒక్కొక్క పేరే లెక్కపెడుతున్నట్టు. లెక్క ఎన్సియా దగ్గరకు వచ్చి ఆగింది, ఆ తర్వాత ఎవరూ లేరు.

ఆవిడ ఉర్బానో వైపు తిరిగింది. "విగన్‌లో చెరకు దొరుకుతుందా?"

"దొరుకుతుందపో. జాడీలు ఎలాగూ ఉన్నాయి."

ఆవిడ కోడలిని అడిగింది. "మశూచికి పోయినవాళ్ళలో ఎవరిని ముందు పిలవాలి?"

"చిన్నదాన్ని. అది ముందు పోయింది."

"పెద్దదానికి?"

"కొంచెం తక్కువ పొయ్యాలి. దానికి చేదు పడదు."

ముసలావిడ కళ్ళు ఒత్తుకుంది. ఆ సంగతి ఎప్పుడో ఒకసారి ఊరికే అన్నది, కోడలు గుర్తు పెట్టుకుంటుందనుకోలేదు. చేతికర్ర అందుకుని, మెట్లు దిగి, బల్ల పక్క నుంచి, గానుగ పక్క నుంచి, వాకిలి దాటి రోడ్డు మీదకు వెళ్ళింది. బండి చక్రం మీద ఒక చెయ్యి వేసి నిలబడింది. ఆవిడ రోడ్డు మీదకు రావడం చూసి సెఫెరినా కంచె దగ్గరకు వచ్చింది, చేతిలో నీలం పావడా ఉంది.

"ఎన్సియా, రా. అక్కడ ఉండిపోకు."

ఎన్సియా బల్ల అంచు వదిలింది.

"ఎన్సియా, రా. అక్కడ ఉండిపోకు."

లేచింది. మోకాళ్ళు నిలిచాయి.

"ఎన్సియా." ఈసారి ముసలావిడ గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వచ్చింది. "రా తల్లీ. అక్కడ ఉండిపోకు."

"ఊఁ, వస్తున్నా," అంది ఎన్సియా. వాకిలి దాటింది. కాళ్ళ కింద రోడ్డు మీది దుమ్ము వేడిగా తగిలింది. గౌదో ఎదురొచ్చి, కళ్ళలోకి చూసి, తన చేతిలో చిప్పెడు నీళ్ళు ఆమెకు ఇచ్చాడు. ఆమె సగం తాగి ఇస్తే మిగతాది అతను తాగాడు.

జాడీలు దింపారు. వెళ్ళేముందు ఎన్సియా ఇంటి కిందకు వెళ్ళి పలకని జాడీకి చెవి పెట్టింది. "ఇది బాసి కాదత్తయ్యా. దీన్ని వెనిగర్‌కు వదిలేయండి. పచ్చళ్ళకు పనికొస్తుంది," అంది. అత్త తల ఊపింది. ఎన్సియా ఆ చేతులు రెండూ తీసుకుని నుదుటికి ఆనించుకుంది. బొబ్బలు గరుకుగా తగిలాయి. కోపం ఎక్కడికి పోయిందో వెతికితే దొరకలేదు, ఏడుపే వచ్చింది.

"నీకు అన్నం పెట్టడం అలవాటైపోయింది," అంది ముసలావిడ.

బండి కదిలింది. ఎన్సియా గడ్డి మీద, ఖాళీ బుట్టల మధ్య కూర్చుంది. పొలాల్లో నరికేసిన చెరకు మోళ్ళ మీద సాయంకాలపు ఎండ పడుతోంది. ఆమెకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది, ఉప్పు వేసిన ఎండు చేప తినాలనిపించింది, ఉర్బానోతో చెప్తే అతను నవ్వాడు. మలుపు దగ్గర ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

కంచె మీదుగా పెరడు కనపడుతోంది. అపో ఒనోరా వెదురు బల్ల దగ్గర ఉంది. బల్ల మీద పళ్ళెం పెట్టి, పక్కకు తప్పుకుని, చిప్ప ఎత్తింది. అంత దూరం నుంచి మాట వినపడదు. పెదవులు కదలడం మాత్రం కనపడింది, ఒక పేరుకు సరిపడా. ఆవిడ చిప్ప వంచింది.

బండిలో ఎన్సియా నోట్లోకి బాసి వచ్చింది. ముందు తీపి, దాని వెనకే నేరేడు బెరడు చేదు, నాలుక కింద దాకా చల్లగా నిండింది.

ఉర్బానో నీళ్ళ బుర్ర వెనక్కి అందించాడు. "దాహమేస్తోందా?"

ఎన్సియా వద్దని తల అడ్డంగా ఊపి, నోట్లో ఉన్నది మింగింది.